పిస్టలుకి ఆయుధపూజ

పోయిన నెల ఆక్లండ్ శివారు టకానినిలో ఒక గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాం. మా ఆయన శ్రీనివాస్ ఆఫీసులో పనిచేసే కుర్రాడిది. కొత్త లేఅవుట్, ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని నిలబడ్డ ఇళ్ళు, ఇంకా గడ్డి మొలవని ముంగిళ్ళు. వచ్చినవాళ్ళలో నేనే పెద్దదానిలా కనిపించానో ఏమో, ఆ కుర్రాడి భార్య ఒక నిమ్మకాయ, చాకు, కుంకుమ భరిణె తెచ్చి నా చేతిలో పెట్టి, గుమ్మానికి రెండు పక్కలా కోసి పెట్టమంది. నేను కోయనన్నాను. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది. శ్రీనివాస్ గబుక్కున ఆ నిమ్మకాయ అందుకుని తనే కోసేశాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో, ఇన్నేళ్ళయింది, ఇంకా ఏంటి నీకు అన్నాడు. ఆయనకేం, అంటాడు. ఆ ఇంటి వంటగది ఉన్న చోటనే, కొంచెం అటో ఇటో, ఒకప్పుడు నాకు పని ఇచ్చిన కెన్ షెడ్డు ఉండేది. ఒకవైపు రైలు పట్టాలు, ఇంకోవైపు మోటర్‌వే హోరు, ఆ రెండింటి మధ్య దూరాన్ని బట్టి లోపల అడుగుపెట్టగానే పోల్చుకున్నాను. ఇరవైల్లో ఉండగా ఆ షెడ్డులో మూడేళ్ళు నేను పిస్టళ్ళకి ఆకురాయి పట్టాను.

ఆడదానికి ఆ పని ఎలా వచ్చిందని అందరూ అడుగుతారు. మా నాన్న హైదరాబాదు బాలానగర్‌లో ఫిట్టరు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇనుమును బిగించి పట్టే వైసులు రెండు, ఒక పాత లేత్ మెషీను పెట్టుకుని కంపెనీలకి డైలు, అంటే ఉక్కు అచ్చులు, చేసి ఇచ్చేవాడు. మల్లయ్య చెయ్యి మంచిదని బస్తీ అంతా అనేవాళ్ళు. ఆ చెయ్యి ఎంత మంచిదో మా వీపులకి తెలుసు. ఆకురాయి ముందుకు తోసినప్పుడే ఇనుమును కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తి పట్టాలి. మర్చిపోయి ఈడ్చామా, పిడి తీసేసిన ఆకురాయి తోక వేళ్ళ కణుపుల మీద పడేది. మా అన్నని ఒకసారి జుట్టు పట్టి వైసుకేసి కొట్టాడు. నుదురు చీలి నెత్తురు ఇనపరజనులో కలిసి ముద్దయింది. వాడు ఆ రాత్రే లారీ ఎక్కి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. వాడి చోట నన్ను నిలబెట్టారు. "ముందుకు పోయేటప్పుడే కోస్తదే. వెనక్కి గుంజితే పండ్లు పోతయి" అనేవాడు నాన్న, పండ్లంటే ఆకురాయి పళ్ళు. పోయినవి ఎక్కువగా మా అమ్మ పళ్ళు. చారులో ఉప్పెక్కువైందని ఒకటి, ఎదురు చెప్పిందని ఇంకొకటి. ఆ ఇల్లంతా కిరసనాయిలు, బీడీ పొగ, మాడిన తిరగమోత కలిసిన ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నా భుజాలు వాటంతటవే పైకి లేస్తాయి.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఆ ఇంట్లో ఎవరి మీదా చెయ్యి లేవదు. దసరాకి ముందురోజే పనిముట్లన్నీ కిరసనాయిలుతో కడిగి తుడిచి, పేపరు పరిచి వరసగా పెట్టేవాళ్ళం. పసుపు, కుంకుమ, బంతిపూలు. నాన్న తలస్నానం చేసి తెల్ల పంచె కట్టుకుని, నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది లేత్ మీద, వైసుల మీద పిండేవాడు. నన్ను కొట్టిన ఆకురాయికి నా చేతే బొట్టు పెట్టించేవాడు. ఆ రోజు ఆయన మాకు తన చేత్తో పులిహోర కలిపి పెట్టేవాడు. అందుకే నాకు అన్ని పండగల్లోకీ ఆయుధపూజ అంటే ప్రాణం. ఈ సంగతి చెప్పకపోతే తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని ఎవరికీ అర్థం కాదు.

పెళ్ళయి ఆక్లండ్ వచ్చాక శ్రీనివాస్‌కి కంప్యూటర్ ఉద్యోగం దొరికింది కానీ నా డిప్లమాని ఇక్కడెవరూ లెక్కచేయలేదు. టకానిని స్టేషన్ దగ్గర ఫ్లాటులో ఉండేవాళ్ళం. కింద, ఇక్కడ డెయిరీ అని పిలిచే చిల్లరకొట్టుకి పాలకోసం వెళ్తే అద్దానికి ఒక కాగితం అంటించి ఉంది, చేతిపని తెలిసిన ఫిట్టరు కావాలని. వెళ్తే అది తుపాకులు బాగుచేసే షెడ్డు. కెన్‌కి అప్పటికే డెబ్బై దగ్గర. కుడిచేతికి నాలుగే వేళ్ళు. నన్ను ఎగాదిగా చూసి ఒక ఉక్కు దిమ్మ, ఒక ఆకురాయి ఇచ్చి దీన్ని చదును చెయ్యమన్నాడు. గంట తర్వాత దాని మీద ఉక్కు స్కేలు ఆనించి వెలుతురుకి ఎత్తి చూశాడు. సందులోంచి వెలుతురు రాలేదు. సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఆ షెడ్డుకి వచ్చేవాళ్ళంతా వేటగాళ్ళు. అడవిపందిని బండి వెనక పడేసుకుని, నెత్తురు కారుతుండగానే రైఫిలు చూపించడానికి వచ్చేవాళ్ళు. కెన్ వాళ్ళతో మాట్లాడుతూనే కత్తి తీసి పంది తొడ కోసి వాటా పుచ్చుకునేవాడు. మొదట్లో బయటికి వెళ్ళి నిలబడేదాన్ని, తర్వాత ఆ నెత్తురు మడుగు దాటుకుంటూ టీ తాగేదాన్ని. మనిషి మాత్రం ఇనుమును బూతులు తిట్టడమే తప్ప ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఆయన వెనకనుంచి వచ్చినప్పుడల్లా నేను ముడుచుకుపోవడం చూశాడు. అప్పటినుంచి నా వైపు వచ్చేముందు ఈల వేసేవాడు.

కెన్‌కి అసలు పేరు తెచ్చింది పిస్టళ్ళు. వందేళ్ళ నాటి తరహా సెమీ ఆటోమేటిక్ పిస్టళ్ళని కొలతకి తగ్గట్టు చేతితో మలిచేవాడు. ఇక్కడ పిస్టల్ అంటే క్లబ్బు రేంజిలో కాల్చుకోవడానికే, దానికి వేరే లైసెన్సు, ఇంట్లో ఇనపపెట్టె ఉండాలి. ఆ పిస్టలుకి పైన స్లైడ్ అని ఒక బరువైన ఉక్కు ముక్క ఉంటుంది, పేల్చినప్పుడల్లా వెనక్కీ ముందుకీ జరిగేది అదే. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అది వదులుగా గలగలమంటుంది. దాన్ని కింది చట్రానికి గాలి కూడా దూరనంతగా, అయినా వెన్నలా జరిగేటట్టు కుదర్చడం మా పని. నీలిరంగు పూసి జరిపి చూడాలి, రంగు చెరిగినచోట ఒక్క రాపిడి, మళ్ళీ రంగు, మళ్ళీ చూడాలి. రోజులు పడుతుంది. నా జీవితంలో ఎవరూ నన్ను తొందరపెట్టని పని అదొక్కటే.

ప్రభాకర్ అంకుల్ అలా వచ్చినవాడే. ఆక్లండ్‌లోనే మౌంట్ రాస్కిల్‌లో ఉండేవాళ్ళు, సొంతూరు గుంటూరు వైపు. మన తెలుగు సంఘంలో పెద్దమనిషి, పండగలకి మైకు ఆయన చేతిలోనే ఉండేది. తన కొత్త పిస్టల్ కెన్‌కి ఇచ్చి, పని చేసేది ఒక తెలుగమ్మాయని తెలిసి పొంగిపోయాడు. "అమ్మాయ్, మనవాళ్ళలో ఇంత పనితనం ఉందని ఈ తెల్లోళ్ళకి తెలియాలి" అన్నాడు. ఉబ్బిపోయాను, ఎందుకు దాచాలి. మెప్పు కోసం మొహం వాచి ఉన్నానప్పుడు. ఒక ఆదివారం మా ఇద్దరినీ భోజనానికి పిలిచాడు. వచ్చినవాళ్ళం తొమ్మిదిమందిమి ఉన్నాం. ఆయన భార్య వసంత ఆంటీ వడ్డిస్తోంది. గోంగూరలో కారం తక్కువైందని ఆయన నవ్వుతూనే లేచి వంటింట్లోకి వెళ్ళాడు. స్టీలు గరిటె ఒంటికి తగిలిన చప్పుడు నాకు కొత్తది కాదు. రెండుసార్లు వినిపించింది. ఆంటీ పప్పుగిన్నె పట్టుకుని బయటికి వచ్చింది, పైట కుడిభుజం మీదికి లాక్కుని. ఆవిడ కుడిచెవి తమ్మె ఎప్పుడో చీలి కుట్లు పడి ఉండటం అప్పుడే చూశాను. తొమ్మిది తలలూ కంచాల్లోకి వంగాయి. ఇంకొంచెం వెయ్యనా అమ్మా అని ఆవిడ అడిగితే నేను వెయ్యమన్నాను. ఆ రోజు నేను చేసింది అంతే, ఇంకొంచెం పప్పు వేయించుకున్నాను.

పిస్టల్ దసరాకి సిద్ధమైంది. స్లైడ్ కుదరడానికి నాకు మూడు వారాలు పట్టింది. పిడి ముందువైపు వేళ్ళు జారకుండా సన్నటి గళ్ళు చేత్తో చెక్కాను. ఆఖరున కెన్ దాన్ని మందునీళ్ళలో మరిగించి నల్లటి మెరుపు తెచ్చాడు, మొహం చూసుకోవచ్చు అందులో. అంకుల్ ఫోన్ చేస్తే, పండగ రోజే తీసుకెళ్ళండి, ఇక్కడే పూజ చేద్దాం, ఆంటీని కూడా తీసుకురండి అని చెప్పింది నేనే. కెన్‌ని అడిగితే, ఇన్నేళ్ళు వాటిని తిట్టడమే కానీ దండం పెట్టలేదు, కానివ్వు అన్నాడు. పొద్దున్నే లేచి పులిహోర చేసుకుని వెళ్ళాను. బెంచీ మీద పేపరు పరిచి, నా ఆకురాళ్ళు, కెన్ సుత్తులు, మధ్యలో విడదీసి పెట్టిన పిస్టల్. ఆంటీ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొచ్చింది. ఆవిడ మొహంలో ఆ రోజు ఒక కళ ఉంది, నా కళ్ళారా చూశాను. బొట్లు పెట్టింది, హారతిచ్చింది. నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది ఆవిడ చేతికిచ్చి, అన్నిటి మీదా పిండండి ఆంటీ అన్నాను. స్లైడ్ మీద కూడానా అని అడిగింది. దాని మీదే ముందు అన్నాను.

బాలానగర్‌లో పనిముట్లు జిడ్డులో నానిన ఇనుము, వాటికి నిమ్మరసం ఏం చేస్తుంది? ఇది నూనె తుడిచేసి, నిగనిగలాడించి పెట్టిన నల్లపూత. పులుపు తగిలితే ఆ పూత లేచిపోతుందని ఐదో తరగతి పిల్లాడు కూడా చెప్తాడు. ఉక్కుతో పుట్టి పెరిగినదాన్ని, నాకు తట్టలేదు. నా కళ్ళ ముందు నాన్న తెల్ల పంచె ఉంది. అందరం బయట ఎండలో నిలబడి పులిహోర తిన్నాం. కెన్ రెండోసారి పెట్టించుకుని, టీ పెడతానని వెనకగదిలోకి వెళ్ళాడు. మేం ముగ్గురం బెంచీ దగ్గరికి వచ్చేసరికి స్లైడ్ మీద అరచేయంత మేర నలుపు పోయి, బొల్లి వచ్చినట్టు బూడిదరంగు మచ్చలు తేలాయి.

అంకుల్ స్లైడ్ చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర తిప్పి చూశాడు. ఇది ఎవరు చేశారు అనలేదు. నేనే పిండమన్నాను అంకుల్, తప్పు నాది అన్నాను, ఆ మాట పూర్తయిందో లేదో నాకు గుర్తులేదు. ఆ ఉక్కుముక్క చేతిలో ఉండగానే చెయ్యి విసిరాడు. ఆంటీ చెవి దగ్గర ఎముక మీద తగిలింది. అరవలేదు ఆవిడ, ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడే వచ్చింది. పడుతూ బెంచీ పట్టుకుంది, పేపరు, పూలు, దీపం అన్నీ మీద పడ్డాయి. జుట్టులోంచి నెత్తురు కారి ఆకుపచ్చ పట్టు మీద నల్లగా ఇంకింది. ఆయన మళ్ళీ చెయ్యెత్తాడు. మూడు వారాలు నా వేళ్ళతో నిమిరి కుదిర్చిన వస్తువు అది. ఒక్క గుండూ పేల్చకముందే అది చేసిన మొదటి పని ఇది. నాకు ఒళ్ళు తెలియలేదు. బొట్టు పెట్టిన ఇత్తడి సుత్తి అందుకుని ఆయన మణికట్టు మీద కొట్టాను. పుల్ల విరిగినట్టు వినిపించింది. స్లైడ్ కింద పడింది. నేను ఇంకోసారి ఎత్తాను, ఈసారి తలకేసి. నిజం చెప్తున్నాను, చంపేసేదాన్ని. కెన్ వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, నన్ను పక్కకి నెట్టి, ఆయన్ని గోడకి అదిమిపెట్టాడు. ఆ ఒక్కసారి ఈల వెయ్యలేదు.

కెన్ ఫోన్ చేశాడు. వచ్చిన పోలీసు కానిస్టేబుల్ కుర్రవాడు, ఎర్రజుట్టు. అతను వచ్చేసరికి అంబులెన్సు వాళ్ళు ఆంటీ తలకి గుడ్డ కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. అంకుల్‌ని బయట పోలీసు కారు పక్కన నిలబెట్టారు. ఆయన మంచి ఇంగ్లీషులో, వాచిన చెయ్యి చూపించి, నా భార్య జారి వైసు మీద పడింది, పట్టుకోబోతే ఈ పిచ్చిది నన్ను సుత్తితో కొట్టింది అని చెప్పాడు. కెన్ తర్వాత వచ్చాడు, దెబ్బ చూడలేదు, ఆ మాటే నిజాయితీగా చెప్పాడు. చూసింది నేనొక్కదాన్నే, సుత్తితో కొట్టినదాన్నీ నేనే, నా మాట ఎవరు నమ్ముతారు. ఇక మిగిలింది ఆంటీ మాట. ఆవిడ కాదంటే ఆయన సాయంత్రానికి ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్తాడు, ఇవాళ కాకపోతే రేపు పిస్టల్ కూడా ఇంటికి చేరుతుంది, కెన్ ఆపలేడు, వస్తువు ఆయనది, లైసెన్సు ఉంది. ఇంటికి వెళ్ళాక ఏం జరుగుతుందో మా అమ్మ నోరు చూసినదాన్ని, నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

కానిస్టేబుల్ రేడియోలో తెలుగు తెలిసినవాళ్ళ కోసం అడిగాడు. రేపటిదాకా ఎవరూ దొరకరన్నారు. ఇష్టం లేకుండానే నా వైపు తిరిగి, ప్రస్తుతానికి ఆవిడ చెప్పింది చెప్పినట్టు నాకు చెప్పగలవా అని అడిగాడు. చెప్తానన్నాను. ఆంటీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఏం జరిగిందని అతను అడిగాడు, తెలుగులో అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చేతి మీద పసుపు, నెత్తురు, నిమ్మకాయ వాసన. తలుపు వైపు చూసి, "నేనే జారి పడ్డానమ్మా. ఆయన తప్పేం లేదని చెప్పు" అంది.

నేను కానిస్టేబుల్ వైపు తిరిగి, ఆయన కొట్టాడు, చేతిలో ఉన్న ఉక్కుతో కొట్టాడు, ఇది మొదటిసారి కాదు, ఇంటికి వెళ్ళాలంటే భయంగా ఉందంటోంది అని ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ కుర్రాడు రాసుకున్నాడు. ఇది నిజమేనా అని నేరుగా ఆవిణ్ణే అడిగాడు. ఆంటీకి అంతమాత్రం ఇంగ్లీషు వచ్చు, దుకాణాల్లో మాట్లాడేది. ఆవిడ నా మొహంలోకి చూసింది. కోపం లేదు, వేడుకోలు లేదు, ఏమీ లేదు. తర్వాత తల కిందికి దించుకుంది. దాన్ని అతను అవును అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, ఆ క్షణానికి అలా అనుకోవడం నాకు కావాలి కనక.

ఆయన లైసెన్సు పోయింది. ఇంట్లో ఉన్న తుపాకులు కూడా పోలీసులు పట్టుకుపోయారు. కోర్టుకి వెళ్ళేసరికి ఆయనే ఒప్పుకున్నాడు, చెవి వెనక పగిలిన ఎముక ఎక్స్‌రేలో కనిపిస్తుంటే ఎలా కాదంటాడు. నా సుత్తిదెబ్బకి నన్ను హెచ్చరించి వదిలేశారు. ఆంటీని ఆడవాళ్ళు తలదాచుకునే ఒక చోటికి పంపారు. మనవాళ్ళు మాత్రం ఏడాదిపాటు మమ్మల్ని ఏ ఫంక్షనుకీ పిలవలేదు, సంసారంలో నిప్పులు పోసిందన్నారు. శ్రీనివాస్ కూడా మొదట్లో, నీకెందుకు ఊళ్ళో గొడవ అని సణిగాడు. నేను ఎవరికీ లొంగలేదు. ఒక మనిషి ప్రాణం నిలబెట్టానని తలెత్తుకుని తిరిగాను. పూజలో కూర్చున్న స్లైడ్‌తో ఒక మనిషిని కొట్టినవాడి ముందు తల దించుకునేది నేనా? ఇప్పుడైతే పోలీసులు ఫోన్ కలిపి నిమిషంలో తెలుగు మాట్లాడే మనిషిని తెస్తారు, చెప్పే మనిషికీ వినే మనిషికీ మధ్య నాలాంటిది మోకాళ్ళ మీద కూర్చోదు. ఇంటింటా ఆడపిల్లలకి ఇంగ్లీషే ముందు వస్తోంది. గరిటె చప్పుడు ఇప్పుడు లేదని మాత్రం నేననను.

నాలుగైదేళ్ళ తర్వాత బోటనీ డౌన్స్ షాపింగ్ సెంటర్లో ఆంటీ కనిపించింది. జుట్టు కత్తిరించుకుంది, పిల్లల్ని చూసుకునే సెంటర్లో పని చేస్తోందట, మెడలో ఆ గుర్తింపు కార్డు ఉంది. నేనే ఎదురెళ్ళి పలకరించాను. ఇద్దరం కాఫీ తీసుకుని కూర్చున్నాం. ఆ సెంటర్లో పిల్లల గురించి, కొత్త ఫ్లాటు గురించి చాలాసేపు చెప్పింది. ఆ దెబ్బతో వినపడకుండా పోయిన చెవి వైపు నేను కూర్చుంటే, కుర్చీ ఇటు మార్చుకోమంది. నాలో ఒక ఆశ, ఎప్పుడు ఆ మాట అంటుందా అని, నీవల్లే ఇవాళ బతికున్నానమ్మా అని. సిగ్గు లేకుండా ఎదురుచూశాను. అనకపోయేసరికి నేనే కదిపాను. ఆ రోజు మీ మాట మార్చి చెప్పాను, మీరు ఏమనుకున్నారో అని.

"మంచికే మార్చావు. మార్చకపోతే చచ్చిపోయేదాన్నేమో" అంది ఆంటీ. కప్పు కింద పెట్టింది. "ఆయన పదహారేళ్ళు నా బదులు మాట్లాడాడు. ఆ రోజు నువ్వు మాట్లాడావు."

కాదనాలనిపిస్తే మీరు కాదనొచ్చు కదా ఆంటీ, ఆ కుర్రాడు మిమ్మల్నే అడిగాడు కదా అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"నేనేం చెప్పినా అతనికి చెప్పాల్సింది నువ్వేగా" అంది ఆవిడ. తర్వాత గడియారం చూసుకుని, బస్సు వేళయిందని లేచి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది.